పచ్చటి నీళ్ళు రెండు రోజుల్లో తేటపడ్డాయెందుకు?

ప్రశ్న: బట్టలు ఉతికిన నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఒక డ్రమ్ములో పట్టి సూక్ష్మ నాచు (మైక్రోఆల్గే) పెంచుతున్నాను. మొదటి రెండు వారాలూ ఏమీ రాలేదు. చెరువు నుంచి ఒక చెంబుడు పచ్చనీళ్ళు తెచ్చి కలిపితే పది రోజుల్లో డ్రమ్మంతా చిక్కగా పచ్చబడింది. సంతోషించేలోగా, రెండు రోజుల్లో నీళ్ళు తేటపడిపోయి అడుగున మడ్డి మిగిలింది. సబ్బు చంపేసిందంటారా? ఇవే నీళ్ళలో స్పిరులినా (ఆహారంగా తినే ఒక నీలి ఆకుపచ్చ నాచు) పెంచుకుని తినొచ్చా?

జవాబు: సబ్బుదే తప్పయితే ఆ పది రోజులూ పచ్చబడేదే కాదు కదండీ. నాకు తోచినంతలో మీ నాచు చావలేదు, దాన్ని ఎవరో తినేశారు.

నాకూ ఇలాగే జరిగింది. పాత అక్వేరియం తొట్టెలో పెంచుతుంటే ఒక వారం అడుగు కనిపించనంత పచ్చగా ఉండి, తర్వాత ఒక ఉదయం చూస్తే అటువైపు గోడ కనిపిస్తోంది. డిటర్జెంటుని తిట్టుకున్నాను, పౌడరు కూడా మార్చాను. మళ్ళీ అదే కథ. చివరికి ఒక గాజు గ్లాసుడు నీళ్ళు తీసి ఎండకి ఎదురుగా పట్టుకుంటే తెలిసింది: ఆవగింజలో సగం లేని చుక్కలు, ఎవరో లాగినట్టు ఎగిరి, మళ్ళీ మెల్లగా కిందికి జారుతున్నాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒళ్ళంతా గాజులా ఉంది, మధ్యలో పేగు మాత్రం పచ్చటి గీతలా కనిపిస్తోంది. నా నాచంతా ఆ గీతలోనే ఉంది! వాటి పేరు డాఫ్నియా, నీటి ఈగలు అంటారు. వీటికి తోడు రోటిఫర్లని ఇంకా చిన్నవి ఉంటాయి, అవి కంటికి దాదాపు కనిపించవు. మీరు చెరువు నుంచి తెచ్చిన చెంబులో విత్తనంతో పాటు మేసేవాళ్ళు కూడా వచ్చారు. తిండి దొరికితే కొద్ది రోజుల్లోనే వందల్లో పెరిగిపోతారు.

మీరూ ముందు గ్లాసు పరీక్ష చేయండి. చుక్కలు ఎగురుతుంటే డ్రమ్ము ఖాళీ చేసి, కడిగి, బాగా ఎండబెట్టండి. ఈసారి విత్తనం నీళ్ళని దట్టమైన గుడ్డలో వడకట్టి పోయండి. నాచు కణం 5 నుంచి 10 మైక్రాన్లు ఉంటుంది, మన వెంట్రుకలో పదోవంతు అనుకోండి. అది గుడ్డలోంచి జారిపోతుంది, డాఫ్నియా పైన ఆగిపోతుంది. రోటిఫర్లు కొన్ని ఎలాగూ తప్పించుకుంటాయి. అందుకే ఒక సీసాలో పచ్చనీళ్ళు విడిగా కిటికీ దగ్గర పెట్టుకోవడం నాకు అలవాటైంది. తొట్టె పోయినా విత్తనం పోదు.

ఇక డ్రమ్ము సంగతి. అది నాకు నచ్చలేదు. నీళ్ళు పచ్చబడే కొద్దీ పైనున్న నాచే కిందనున్న నాచుకి ఎండ అందకుండా చేస్తుంది. 1950లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం ఆస్వాల్డ్ మురుగునీటి నాచు చెరువుల మీద పనిచేశారు. ఆ పద్ధతి చెరువులు ఇప్పటికీ సుమారు 30 సెంటీమీటర్ల లోతే ఉంటాయి, నీళ్ళు కదలడానికి ఒక తెడ్ల చక్రం తిరుగుతుంటుంది. మీకు చక్రం అక్కర్లేదు. జానెడు లోతు, మంచి వెడల్పు ఉన్న టబ్బు తీసుకుని రోజుకి నాలుగైదు సార్లు కర్రతో కలపండి, చాలు.

ఆ చెరువుల్లో కిటుకు ఏమిటంటే నాచు ఒంటరిగా పనిచేయదు. నీళ్ళలోని మురికిని బాక్టీరియా కుళ్ళబెట్టి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, నాచు దాన్ని తీసుకుని పగలంతా ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి మాత్రం ఇద్దరూ ఆక్సిజన్ తీసుకునేవాళ్ళే. తెల్లవారుజామున వాసన వస్తే గిన్నెల నీళ్ళు ఎక్కువయ్యాయని అర్థం. ఆ నీళ్ళని ఒక రోజు కదపకుండా ఉంచి, పైన తేలిన జిడ్డు తీసేసి, తేటనే పోయండి. బ్లీచింగ్ కలిసిన నీళ్ళు ఒక్క మగ్గు కూడా వద్దు. ఇంకొకటి, స్నానం, బట్టల నీళ్ళలో నత్రజని తక్కువ. ఇంటి మురుగులోని నత్రజనిలో సుమారు 80 శాతం మూత్రం నుంచే వస్తుంది, అది మీ డ్రమ్ములోకి రావడం లేదు. కాబట్టి నాచు కాస్త పలచగా పెరిగితే కంగారు పడకండి.

తినడం గురించి అడిగారు. వద్దు. స్పిరులినాకి బాగా క్షార గుణం ఉన్న నీళ్ళు, పీహెచ్ సుమారు 9 నుంచి 10 దాకా ఉన్నవి కావాలి. మామూలు వాడుక నీళ్ళలో అది నిలదొక్కుకోకముందే వేరేవి ఆక్రమించేస్తాయి. వాటిలో కొన్ని నీలి ఆకుపచ్చ రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాలు తయారుచేస్తాయి, మరిగించినా అవి పోవు. పైగా అవి బట్టలు ఉతికిన నీళ్ళు, రోగకారక క్రిములు ఉండనే ఉంటాయి. ఆ పచ్చనీళ్ళని పూలమొక్కల మొదట్లో పోయండి, నేను చేస్తున్నది అదే. పచ్చిగా తినే ఆకులున్న మడిలో మాత్రం పోయను.

ప్రశ్న: ఇంటి మురుగులో నాచు పెంచి బండికి సరిపడా నూనె తీయొచ్చని విన్నాను. నిజమేనా?

జవాబు: లెక్క మీరే చూడండి. బయట పెరిగే నాచు లీటరుకి అరగ్రాము దాకా ఉంటే బాగా పెరిగినట్టే. 200 లీటర్లలో ఎండు నాచు 100 గ్రాములు. అందులో అయిదోవంతు నూనె అనుకున్నా 20 గ్రాములు. దానికోసం మొత్తం నీళ్ళని పటికతో పేరబెట్టి, మడ్డి తీసి, ఎండబెట్టి, ఆపైన నూనె పిండాలి. పైగా నత్రజని అందకుండా మాడ్చినప్పుడే చాలా రకాలు నూనె ఎక్కువ దాచుకుంటాయి, అలా మాడితే పెరుగుదల ఆగిపోతుంది. బండి సంగతి అటుంచి, ఆ నూనెతో తలుపు బందులకి పట్టిన తుప్పు వదలగొట్టుకోవచ్చు.