ముఖం మీద బ్రష్ వేస్తే అతికించినట్టు ఎందుకు కనిపిస్తోంది?

పెళ్లికూతురి ముఖం నల్లగా వచ్చిందని, ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్‌ సాఫ్ట్‌వేర్‌లో బ్రష్‌తో ఎక్స్‌పోజర్ (వెలుగు) పెంచానని, ఇప్పుడు ముఖం వేరే ఫొటోలోంచి తెచ్చి అతికించినట్టుందని, జుట్టు చుట్టూ తెల్ల గీత వచ్చిందని అడిగారు. నేను కడపలో పెళ్లిళ్లు తీస్తాను, ఎడిటింగూ నేనే చేసుకుంటాను. ఈ గొడవ సీజన్ అంతా ఉండేదే.

ముందు ఆ తెల్ల గీత సంగతి. చాలాసార్లు అది బ్రష్‌లో ఉండే ఆటో మాస్క్ పని (మాస్క్ అంటే మార్పు ఫొటోలో ఎక్కడ పడాలో ఎంచుకున్న భాగం). రంగు తేడా చూసి అంచు దగ్గర ఆగడం దాని పద్ధతి. జరీ అంచుకో, గుమ్మానికో బాగా పనికొస్తుంది కానీ, వెంట్రుకలు నుదుట్లో కలిసే చోట చుక్కలు చుక్కలుగా పట్టుకుంటుంది. ముఖానికి దాన్ని ఆపేయండి. ఫెదర్ (బ్రష్ అంచు మెత్తదనం) 100లో పెట్టి ఫ్లో (ఒక్కో రుద్దుకి పడే మోతాదు) 20 దగ్గరికి దించండి. ఫ్లో 100 ఉంటే ఒక్క రుద్దుకే మొత్తం పడిపోతుంది. తక్కువలో ఉంటే గోడకు సున్నం పూత మీద పూత వేసినట్టు, ఎక్కడ కావాలంటే అక్కడ నెమ్మదిగా పెంచుకోవచ్చు. ఎక్కడెక్కడ పడిందో చూడాలంటే కీబోర్డులో O అక్షరం నొక్కండి, బ్రష్ పడిన చోటంతా ఎర్రగా కనిపిస్తుంది. ఎర్ర పట్టుచీర మీద ఆ ఎర్ర పూత కనిపించి చావదు, షిఫ్ట్ పట్టుకుని O నొక్కితే రంగు మారుతుంది.

అతికించినట్టు కనిపించడానికి అసలు కారణం మాత్రం వేరే అనుకుంటున్నాను. ఫ్లాష్ ఎడమ నుంచి పడితే కుడి చెంప కొంచెం చీకటిగా ఉంటుంది, ఉండాలి కూడా. మీరు రెండు చెంపలకీ, ముక్కు పక్కలకీ సమానంగా రుద్దేస్తే ముఖం పళ్లెంలా చదునైపోతుంది. వెలుగు ఇప్పటికే పడుతున్న వైపు ఎక్కువ, నీడ వైపు కొద్దిగానే వేయండి. ముఖం మీద ఎక్స్‌పోజర్ 0.40 దాటించడం నాకు అరుదు. దానికంటే ముందు మాస్క్‌ను ఇన్వర్ట్ చేసి (ముఖం వదిలి మిగతాదంతా పట్టేలా తిప్పి) వెనకున్న మండపం లైట్లను 0.30 తగ్గించి చూడండి. ముఖాన్ని ముట్టుకోకుండానే సగం పని అయిపోతుంది.

“అన్నా, పాపను కొంచెం తెల్లగా చెయ్యి” అని ఇంట్లోవాళ్లు అడుగుతారు, తెలుసు. ముఖం ఒక్కటీ తెల్లగా చేసి మెడ, చెవులు, గోరింటాకు చేతులు వదిలేస్తే ఎవరికైనా దొరికిపోతుంది. 2022 అక్టోబర్ నుంచి లైట్‌రూమ్‌లో మనుషుల మాస్క్ ఉంది. ముఖ చర్మం, ఒంటి చర్మం, కనుబొమలు, పెదాలు, పళ్లు, జుట్టు విడివిడిగా పట్టిస్తుంది. ముఖ చర్మం, ఒంటి చర్మం రెండూ కలిపే తీసుకోండి. చామనఛాయ అమ్మాయిని వెలుగులోకి తేవడం మన పని, రంగు మార్చడం కాదు. ఈ ఒక్క విషయంలో నేను కస్టమర్ మాట వినను.

చర్మం నునుపు చేయాలంటే టెక్స్చర్ (చర్మం గరుకుదనం) స్లైడర్ మైనస్ 20, 25 చాలు. కానీ బొట్టు, కనుబొమలు, ముక్కుపుడక మీద ఆల్ట్ పట్టుకుని మాస్క్ తుడిచేయండి. లేకపోతే కుంకుమ అంచు కరిగిపోయి బొట్టు మరకలా తయారవుతుంది. కళ్లలో తెల్లగుడ్డుకు సాచురేషన్ (రంగు గాఢత) కాస్త తగ్గిస్తే సరి, తెల్లగా వెలిగించొద్దు.

గండికోటలో ప్రీవెడ్డింగ్ తీసేవాళ్లకు ఇంకో తలనొప్పి. సాయంత్రం ఎండ ఎర్రరాయి మీద పడి గడ్డం కింద, మెడ మీద నారింజ రంగు కొడుతుంది. అక్కడ ఎక్స్‌పోజర్ జోలికి వెళ్లకండి. మెడ వరకే బ్రష్ వేసి టెంపరేచర్ కొంచెం నీలం వైపు జరిపి, సాచురేషన్ మైనస్ 10 ఇస్తే కుదురుకుంటుంది.

చేత్తో వేసిన బ్రష్‌ను పక్క ఫొటోకి కాపీ చేస్తే, ముఖం జరిగి ఉంటుంది కాబట్టి వెలుగు భుజం మీద పడుతుంది. మనుషుల మాస్క్ అయితే కొత్త ఫొటోలో ముఖం ఎక్కడుందో మళ్లీ వెతుక్కుంటుంది, అప్‌డేట్ అడిగితే నొక్కండి.

మీ ఫొటోకైతే ఇప్పుడున్న బ్రష్ తీసేసి కొత్తగా మొదలుపెట్టండి, దాన్నే తుడుస్తూ కూర్చుంటే ఇంకా టైమ్ తింటుంది. కెమెరా కుదించకుండా ఇచ్చే రా (RAW) ఫైల్ ఉంటే దాని మీదే చేయండి, జేపెగ్‌లో నీడలు లేపితే గ్రెయిన్ తేలుతుంది. అంతా అయ్యాక ఫొటో మొత్తం కనిపించేలా జూమ్ తగ్గించి, మార్పు మొత్తం ఎంత బలంగా ఉండాలో చెప్పే మాస్క్ అమౌంట్ స్లైడర్‌ను కొంచెం వెనక్కి లాగండి. నేనైతే 70 దగ్గర ఆపుతాను.