అద్దె ఇంటి గోడకు రంగు వేస్తే అడ్వాన్సు కోస్తారా?

ప్రశ్న: చదువు అయ్యాక మేం ముగ్గురు స్నేహితులం తొలిసారి విడిగా రెండు గదుల ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. అగ్రిమెంట్ 11 నెలలకు. రెండు నెలల అద్దె అడ్వాన్సుగా ఇచ్చాం. తక్కువ ఖర్చులో ఒక గోడకు రంగు వేసుకుని, అరలు, కర్టెన్లు, లైట్లు బిగించుకోవాలనుకుంటున్నాం. అగ్రిమెంట్‌లో 'గోడలకు మేకులు కొట్టరాదు. ఖాళీ చేయునప్పుడు పెయింటింగ్ నిమిత్తం ఒక నెల అద్దె మినహాయించబడును' అని ఉంది. ఏమేం చేసుకోవచ్చు? మేం బిగించినవి వెళ్లేటప్పుడు తీసుకెళ్లవచ్చా?

జవాబు: తీసుకెళ్లవచ్చు, అయితే తాళాలు ఓనర్ చేతికి ఇచ్చేలోపే. ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోని సెక్షన్ 108(హెచ్) ప్రకారం అద్దెదారు తాను బిగించుకున్నవాటిని ఇల్లు తన స్వాధీనంలో ఉన్నంతవరకు ఊడదీసుకోవచ్చు. ఆ తర్వాత ఆ హక్కు ఉండదు. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పగించాలి కూడా. 'ఫ్యాన్ వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తాం' అని తాళాలు ఇచ్చేసి వెళ్లిపోయేవారు ఇక్కడే నష్టపోతారు. మీరు కొత్త ఫ్యానో లైటో పెట్టుకుంటే, ఓనర్‌ది పారేయకుండా స్క్రూలతో సహా చుట్టి అటక మీద ఉంచండి. చివరి రోజున అది మళ్లీ అదే చోటికి ఎక్కాలి.

అయితే సెక్షన్ 108 మొదట్లోనే, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతేనే ఈ నియమాలు వర్తిస్తాయని ఉంది. కాబట్టి ముందు మీ అగ్రిమెంటే చూడాలి. మేకుల నిషేధానికి మీరు సంతకం పెట్టారు, అది మీకు వర్తిస్తుంది. దాన్ని సడలించగలిగేది ఓనరే, అదీ రాతపూర్వకంగా. మెట్ల దగ్గర కలిసినప్పుడు 'కొట్టుకోండి, ఫర్వాలేదు' అన్న మాట ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు. వాట్సాప్‌లో ఇలా పెట్టండి: 'నమస్తే అండి. హాల్లో టీవీ వెనక గోడకు లేత ఆకుపచ్చ రంగు వేసుకుంటాం. బెడ్‌రూమ్ కిటికీ పైన కర్టెన్ రాడ్‌కు నాలుగు రంధ్రాలు చేయిస్తాం. ఖాళీ చేసేముందు పూడ్చి ఇస్తాం. మీకు సమ్మతమైతే సరే అని రాయండి.' ఏ గోడ, ఎన్ని రంధ్రాలు, తర్వాత ఏం చేస్తారు అన్న మూడూ అందులో ఉండాలి. 'కొంచెం డెకరేషన్ చేసుకుంటాం' అని రాస్తే అది దేనికి అనుమతో తేలదు.

ఇక పెయింటింగ్ క్లాజు. ముందే ఒప్పుకున్న నెల అద్దె కోతను తర్వాత కాదనడం కష్టం. కానీ అది మీకూ పనికొస్తుంది. పెయింటింగ్‌కని ఒక నెల అద్దె పట్టుకున్నాక, గోడ మాసిందనో రంగు మారిందనో మళ్లీ డబ్బు అడిగితే, ఒకే పనికి రెండుసార్లు వసూలు చేస్తున్నారని మీరు అభ్యంతరం చెప్పవచ్చు. చిక్కల్లా ముదురు రంగులతోనే. ముదురు నీలం మీద తెలుపు తేలాలంటే ప్రైమర్, అదనపు కోటు కావాలి. ఆ తేడా మీరే కట్టాలంటారు. లేత రంగైతే ఆ పేచీ రాదు. పాత రంగు డబ్బా మీది షేడ్ నంబరు ఓనర్‌ని అడిగి రాసిపెట్టుకోండి.

రంధ్రాల విషయంలో చట్టంకన్నా పనితనం ముఖ్యం. సెక్షన్ 108(ఎం) మామూలు వాడకపు అరుగుదలను మినహాయిస్తుంది. ఎండకు వెలిసిన రంగు, కుర్చీ రాసుకున్న గీత అందులోకి వస్తాయి. పెచ్చులూడిన ప్లాస్టరు, చిట్లిన టైలు రావు. స్విచ్‌బోర్డుకు నిటారుగా పైనా కిందా, కుళాయిల వరుసలో డ్రిల్ పెట్టొద్దు. గోడ లోపలి వైరింగు, పైపులు సాధారణంగా ఆ దారిలోనే వెళ్తాయి. టైల్స్‌కు అసలే వద్దు. ఖాళీ చేసేముందు ప్లాస్టిక్ ప్లగ్ లాగేసి, దుమ్ము ఊది, కాస్త తడిపి పుట్టీ నొక్కండి. ఆరాక అది కుంగుతుంది, కాబట్టి మర్నాడు రెండో పూత వేసి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి రంగు వేయాలి. టూత్‌పేస్టుతో పూడిస్తే ఎండి కుంగిపోయి మచ్చ కనిపిస్తుంది. పాత గోడ మీద చిన్న చతురస్రం మేరకే రంగు వేసినా అతుకు తెలిసిపోతుంది; మూల నుంచి మూలకు వేయాలి.

మేకులకు బదులు అంటించే హుక్కులు మంచివే. వాటిని తీసేటప్పుడు పట్టీని గోడకు ఆనించి నెమ్మదిగా కిందికి సాగదీయండి. ముందుకు లాగితే రంగు, పుట్టీ కలిసి పొరగా ఊడొస్తాయి. అంటించే వాల్‌పేపరైతే హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి పై మూల నుంచి తీయాలి.

మధ్యలో ఓనర్ వచ్చి చూసి గోడ పాడుచేశారంటే కంగారు పడొద్దు. మీవల్ల జరిగిన లోపాన్ని నోటీసు అందాక మూడు నెలల్లో బాగుచేయాలని 108(ఎం) చెబుతోంది, అంటే సరిదిద్దుకోవడానికి ఆ గడువు మీకుంది. మేకుకు ఇంత అని అగ్రిమెంట్‌లో జరిమానా రాసి ఉన్నా, కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 74 ప్రకారం ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు దానికి మించకుండా న్యాయమైన పరిహారమే ఇప్పిస్తుంది.

సామాను దించకముందే ఖాళీ గదుల్లో ప్రతి గోడను నేల నుంచి సీలింగు దాకా ఫొటో తీసి, పాత మచ్చలు, పాత మేకు రంధ్రాలు దగ్గర నుంచి మళ్లీ తీసి, అదే రోజు ఓనర్‌కు పంపండి. ఇల్లు ఖాళీ చేసే రోజూ అంతే. అసలు ఫైళ్లు చెరపొద్దు. వాటిని కోర్టులో దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే ధ్రువీకరణ సర్టిఫికెట్ జతచేయాలి.

అగ్రిమెంట్ మీద ముగ్గురి సంతకాలూ ఉన్నాయా? ఒక్కరే పెట్టి ఉంటే మిగతా ఇద్దరు చేసిన రంధ్రాలకూ ఓనర్‌కు జవాబుదారీ ఆ ఒక్కరే. అలా అయితే ఖర్చులు ఎలా పంచుకోవాలో మీలో మీరు ఒక కాగితం రాసుకోండి.

అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే కోసిన మొత్తానికి బిల్లులు అడుగుతూ ముందు లాయర్ నోటీసు పంపండి. దావా వేయడానికి గడువు సాధారణంగా మూడేళ్లు.

కాలేజీ హాస్టల్లో ఉండేవారికి పైన చెప్పిన 108 హక్కులు మామూలుగా వర్తించవు. అక్కడ ఉండేది లీజు (అద్దె హక్కు) కాదు, ఈజ్‌మెంట్స్ చట్టం, 1882 సెక్షన్ 52 కింద లైసెన్సు, అంటే ఉండటానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. గోడ మీద ఏం ఉండవచ్చో హాస్టల్ నిబంధనలే చెబుతాయి, వార్డెన్ అనుమతి కాగితం లేకుండా ఏదీ బిగించకండి.