కాంపాక్ట్ కెమెరా మోడ్‌లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా కాంపాక్ట్ డిజిటల్ కెమెరాలో ఇమేజ్ స్టెబిలైజేషన్ ఉంది. అయినా ఇంట్లో ఆడుకుంటున్న పిల్లలను ఆటో మోడ్‌లో తీస్తే ఫొటోలు చెదిరిపోతున్నాయి. షట్టర్ ప్రయారిటీకి మార్చి 1/250 పెడితే చీకటిగా వస్తున్నాయి. ఏ మోడ్ వాడాలి?

జవాబు: ఫొటో చెదరడానికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి: మన చేయి కదలడం, ఎదుటి మనిషి కదలడం. స్టెబిలైజేషన్ మొదటిదాన్ని మాత్రమే సరిచేస్తుంది. షట్టర్ 1/15 సెకను పాటు తెరిచి ఉన్నప్పుడు గోడ మీది పటం స్పష్టంగా పడి, దాని ముందు పరుగెత్తే పిల్లవాడు చెదిరిపోవడం అందుకే. కాబట్టి షట్టర్ వేగం పెంచాలన్న మీ ఆలోచన సరైనదే. అయితే షట్టర్ ప్రయారిటీలో వేగాన్ని మీరు నిర్ణయిస్తే దానికి తగిన ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం పరిమాణాన్ని, కెమెరా ఎంచుకుంటుంది. లెన్స్‌ను పూర్తిగా తెరిచినా వెలుతురు చాలకపోతే ఫొటో చీకటిగానే వస్తుంది. షట్టర్ బటన్‌ను సగం నొక్కినప్పుడు ఎపర్చర్ అంకె ఎర్రబడడం ద్వారానో, వెలిగి ఆరడం ద్వారానో చాలా కెమెరాలు ఈ సంగతి ముందే హెచ్చరిస్తాయి.

మీ ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100 దగ్గరే స్థిరపడి ఉందేమో చూడండి. దాన్ని 800కు పెంచి, షట్టర్‌ను 1/125కు తగ్గిస్తే ఫొటో ఇప్పటికన్నా 16 రెట్లు ప్రకాశవంతమవుతుంది. సెన్సర్ (ఫొటోను నమోదు చేసే చిప్) చిన్నది కనుక ఫొటోలో కొంత గరుకుదనం కనిపిస్తుంది, కానీ గరుకుగా ఉన్న నవ్వు ముఖాన్ని ఆల్బమ్‌లో ఉంచుకోగలం, చెదిరిపోయిన ముఖాన్ని ఉంచుకోలేం. జూమ్ కూడా వాడకండి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ ఎపర్చర్ చిన్నదవుతుంది. లెన్స్ వైడ్ చివర (జూమ్ చేయనప్పుడు) ఎఫ్/3గా ఉన్నది టెలి చివరకు (పూర్తిగా జూమ్ చేసినప్పుడు) వచ్చేసరికి ఎఫ్/6 అయిందంటే, సెన్సర్ మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోయినట్టే. నాలుగడుగులు ముందుకు వేసి దగ్గరగా తీయడం మేలు. ఇవన్నీ సర్దే తీరిక లేనప్పుడు స్పోర్ట్స్ సీన్ మోడ్ పెట్టండి. వేగాన్నీ ఐఎస్ఓనూ పెంచే పనిని అదే చూసుకుంటుంది.

ప్రశ్న: ఎపర్చర్ ప్రయారిటీలో ఎఫ్/2.8 పెట్టినా వెనుక దృశ్యం మసకబారడం లేదు. లోపం కెమెరాదా, నాదా?

జవాబు: ఇద్దరిదీ కాదు. సాధారణ కాంపాక్ట్‌లలో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ సుమారు 6.2 మి.మీ. వెడల్పే ఉంటుంది, పెద్ద కెమెరాల్లో ఉండే, 35 మి.మీ. ఫిల్మ్ పరిమాణపు ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. అందువల్ల పెట్టె మీద ఫుల్‌ఫ్రేమ్‌లో 25 మి.మీ.కు సమానమని రాసిన లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ (దృశ్యాన్ని ఎంత దగ్గరగా చూపుతుందో నిర్ణయించే కొలత) 4.5 మి.మీ. దగ్గర ఉంటుంది. స్పష్టత విస్తరించే లోతును బట్టి చూస్తే, మీ ఎఫ్/2.8 ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఎఫ్/16తో సమానం. ముఖం వెనుక దృశ్యం కొంతైనా కరగాలంటే టెలి చివరకు జూమ్ చేసి, కెమెరా ఫోకస్ అందుకోగలిగినంత దగ్గరగా నిలబడి, మనిషికీ వెనుక దృశ్యానికీ మధ్య వీలైనంత దూరం ఉండేలా చూసుకోండి. ఎపర్చర్‌ను ఎఫ్/8 దాకా మూయడం వల్ల కూడా ఈ కెమెరాల్లో లాభం లేదు. డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్లే కాంతి పక్కలకు వ్యాపించడం) వల్ల మొత్తం ఫొటో పదును తగ్గుతుంది.

ప్రశ్న: తెల్లని గోడ, తెల్లని దుస్తులు బూడిద రంగులో వస్తున్నాయి. ఎందుకు?

జవాబు: ఎదురుగా ఏమున్నా దాని సగటు వెలుగు మధ్యస్థ బూడిద రంగుకు దగ్గరగా ఉంటుందన్న లెక్కతో, కెమెరాలో వెలుతురును కొలిచే మీటర్ పనిచేస్తుంది. ఫ్రేమంతా తెలుపే ఉంటే దాన్నీ బూడిద రంగుకు దించుతుంది. షట్టర్, ఎపర్చర్ రెండింటినీ కెమెరాయే ఎంచుకునే ప్రోగ్రామ్ మోడ్‌కు వెళ్లి, ఫొటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +0.7 లేదా +1 చేయండి. నల్లని వస్తువులు ఫ్రేమ్ నిండా ఉంటే మైనస్ వైపు జరపండి. కాంపాక్ట్ కెమెరాలో ఒకే ఒక్క సదుపాయం నేర్చుకునే ఓపిక ఉన్నవారికి నేను దీన్నే సూచిస్తాను. మంచు సీన్ మోడ్ ప్రధానంగా చేసేదీ ఇదే. పని అయ్యాక సున్నాకు తిప్పడం మరవకండి, చాలా కెమెరాలు ఆ విలువను అలాగే గుర్తుంచుకుంటాయి.

ప్రశ్న: డిజిటల్ జూమ్ వాడవచ్చా?

జవాబు: మెనూలో ఆపివేయడమే మంచిది. 16 మెగాపిక్సెళ్ల కెమెరాలో రెండు రెట్ల డిజిటల్ జూమ్ చేస్తే సెన్సర్ మధ్యభాగంలోని 4 మెగాపిక్సెళ్లే మిగులుతాయి, తక్కినవి కెమెరా లెక్కగట్టి నింపినవే. పూర్తి ఫొటో తీసుకుని తరువాత కంప్యూటర్‌లో కత్తిరించుకుంటే దాదాపు అదే ఫలితం దక్కుతుంది, ఏ భాగం ఉంచాలో నిదానంగా చూసి నిర్ణయించుకునే వీలు కూడా ఉంటుంది.