చుట్టుకొలత నుంచి వైశాల్యం: జవాబు ఎందుకు కలవట్లేదు?

మీ పాప సూత్రం సరిగ్గానే వాడింది, కాకపోతే వ్యాసార్థాన్ని మధ్యలోనే రౌండ్ చేసేసింది, అందుకే చుట్టుకొలత 100 మీటర్లున్న వృత్తానికి పుస్తకంలో 796.18 చదరపు మీటర్లుంటే తనకి 803.84 వచ్చింది.

1. వ్యాసార్థం = చుట్టుకొలత ÷ (2 × 3.14), అంటే 100 ÷ 6.28 = 15.923... దీన్ని 16 చేయొద్దు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. వర్గం చేసి 3.14తో గుణించేసరికి ఆ 0.076 తేడా కాస్తా ఏడున్నర దాటుతుంది.

2. వ్యాసార్థం విలువ కట్టకుండా నేరుగా 100 × 100 ÷ 12.56 (అంటే 4 × 3.14) చేయించండి. రౌండ్ చేయడం చివర్లో, ఒక్కసారే.

3. 22/7 వాడితే 795.45 వస్తుంది, కంగారు పడకండి. పై (π) అంటే 22/7 అని బట్టీ పట్టిస్తారు గానీ రెండూ ఉజ్జాయింపులే (నిజానికి 3.14 కంటే అదే కాస్త దగ్గర). ప్రశ్నలో ఏది ఇస్తే అది వాడమనండి.