ఇంగ్లండ్‌లో మా అబ్బాయిపై కేసు.. పెద్ద బారిస్టర్‌ని పెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. రూమ్‌లో గొడవ జరిగి తోటి కుర్రాడి తలకు గాయమైంది. మావాడే గ్లాసుతో కొట్టాడని సెక్షన్ 20 (గాయపరిచిన నేరం) కింద కేసు పెట్టారు. బెయిల్ మీద ఉన్నాడు. కేసు క్రౌన్ కోర్టుకి (పెద్ద నేరాలు విచారించే కోర్టు) వెళ్లింది. లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో న్యాయసాయం) కింద సొలిసిటర్ ఉన్నారు. 'ఆయన వాదించరు, పెద్ద బారిస్టర్ కావాలి, 8 లక్షలు పంపండి' అని అక్కడ తెలిసినాయన అంటున్నారు. హైదరాబాద్ నుంచి మన లాయర్‌ని పంపవచ్చా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: అయ్యా, ముందు ఆ డబ్బు పంపకండి. మన లాయర్ అక్కడ వాదించడం కుదరదు. ఆ దేశంలో అర్హత తెచ్చుకున్నవాళ్లకే ఆ హక్కు ఉంటుంది.

మన దగ్గర 1961 అడ్వకేట్ల చట్టం వచ్చాక అందరూ అడ్వకేట్లే. ఇంగ్లండ్‌లో మాత్రం ఇప్పటికీ రెండు వృత్తులు. పోలీస్ స్టేషన్‌లో పక్కన కూర్చునేది, కాగితాలు సిద్ధం చేసేది సొలిసిటర్. క్రౌన్ కోర్టులో జ్యూరీ (తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం) ముందు వాదించేది ఎక్కువగా బారిస్టర్. తగిన బారిస్టర్‌ని ఎంచుకుని కేసు అప్పగించేది కూడా సొలిసిటరే. లీగల్ ఎయిడ్ క్రౌన్ కోర్టుకి కూడా మంజూరైతే బారిస్టర్ ఫీజు అందులోంచే వెళ్తుంది. ఆ సంగతి మీ అబ్బాయిని ఈరోజే సొలిసిటర్‌ని అడగమనండి.

బారిస్టర్ అంటే మనకు ప్రకాశం పంతులు గారు గుర్తొస్తారు. రాజమండ్రిలో ప్లీడరుగా ఉన్న ఆయన లండన్ వెళ్లి బారిస్టరై వచ్చాకే మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. అందుకే ఆ మాట వింటే మనకు పెద్ద పేరు, పెద్ద ఫీజు అనిపిస్తుంది. అక్కడ అది రోజూ కోర్టులో నిలబడే ఉద్యోగం లాంటిది. చదువు, బార్ కోర్సు అయ్యాక ఏడాది శిక్షణ ఉంటుంది. మొదటి ఆరు నెలలు సీనియర్ వెంట తిరగడమే. తర్వాతి ఆరు నెలల్లో చిన్న కేసులు సొంతంగా చేయనిస్తారు. ఒకే బారిస్టర్ ఈ వారం ముద్దాయి వైపు, వచ్చే వారం ప్రాసిక్యూషన్ వైపు వాదించవచ్చు. దానికి కంగారు పడకండి. అవతలివాళ్లు ఫైలు ఎలా కడతారో తెలిసినవాడు మీకు పనికొస్తాడు. కింగ్స్ కౌన్సెల్ అనే హోదా ఉన్నవాళ్లను హత్యల్లాంటి బరువైన కేసులకు పెడతారు. ఈ కేసుకి అవసరం లేదని నా అభిప్రాయం.

పెట్టబోయే బారిస్టర్‌కి గాయాల కేసులు, అందులోనూ ఆత్మరక్షణ వాదనతో జ్యూరీ ముందు నడిపిన అనుభవం ఉందా అన్నది అడగండి. అసలు నైపుణ్యం అక్కడే బయటపడుతుంది. సాక్షి ఆ రాత్రి పోలీసులకు 'చేతిలో గ్లాసుతో లేచాడు' అని చెప్పి, తర్వాత 'గ్లాసు తీసుకుని కొట్టాడు' అన్నాడనుకోండి. తాగుతున్న గ్లాసు చేతిలో ఉండిపోవడం వేరు, కొట్టడానికి గ్లాసు అందుకోవడం వేరు. ఆ తేడా పట్టుకుని ఏ చేతిలో ఉంది, ఎవరు ముందు తోశారు అని ఓపిగ్గా సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయగలిగినవాడు కావాలి. మన చట్టంలో ఆత్మరక్షణ అని చెప్పుకుంటే చూపించే భారం ముద్దాయిదే. అక్కడ ఆ వాదనకు కొంత ఆధారం కనబడితే చాలు, అది ఆత్మరక్షణ కాదని సందేహానికి తావు లేకుండా రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్.

సెక్షన్ 20 అనేది 1861 నాటి చట్టంలోది, గరిష్ఠ శిక్ష 5 ఏళ్లు. నేరం మొదట్లోనే ఒప్పుకుంటే శిక్షలో మూడో వంతు వరకు తగ్గిస్తారు, ఆలస్యమయ్యే కొద్దీ ఆ తగ్గింపు కరిగిపోతుంది. 12 నెలలు, అంతకుమించి జైలు పడితే 2007 చట్టం ప్రకారం దేశం నుంచి పంపించే ప్రమాదం ఉంది. తక్కువ శిక్షకూ వీసా పోవచ్చు. అందుకని ఒప్పుకోవాలా వద్దా అన్నది వీసా సంగతి తెలిసినవాళ్లతో కూడా మాట్లాడాకే తేల్చుకోవాలి. ఆ నిర్ణయం మీ అబ్బాయిదే. మీరు గానీ బంధువులు గానీ ఒత్తిడి పెట్టకండి.

సొంత ఖర్చుతోనే పెట్టుకోవాలనుకుంటే, బారిస్టర్లను నియంత్రించే బార్ స్టాండర్డ్స్ బోర్డు వాళ్ల రిజిస్టర్‌లో ఆ పేరు ఉందో లేదో ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. ఫీజు ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. మధ్యవర్తి సొంత ఖాతాకి రూపాయి కూడా వేయవద్దు.

మన దగ్గర లాయర్ ఆఫీసులో తండ్రి, మేనమామ, ఊరి పెద్ద అందరూ కూర్చుంటారు. అక్కడ క్లయింటు మీ అబ్బాయి ఒక్కడే. అతను అనుమతి ఇవ్వనిదే మీతో కేసు గురించి మాట్లాడరు, తప్పుగా అనుకోకండి. జరిగింది అతనే గుర్తున్నంత వరకు కాగితం మీద రాసి సొలిసిటర్‌కి మాత్రమే ఇవ్వాలి. వాట్సాప్‌లో ఎవరికీ పంపకూడదు. ఇంగ్లిష్‌లో తడబడితే కోర్టు తెలుగు దుబాసీని ఉచితంగా ఇస్తుంది.

ఇంకొకటి, దయచేసి వినండి. గాయపడ్డ అబ్బాయి వాళ్లూ తెలుగువాళ్లే కదా, పెద్దమనుషులతో రాజీ చేద్దాం అని మాత్రం వాళ్లింటికి వెళ్లకండి, ఫోన్ చేయకండి. కేసు నడపాలా వద్దా అన్నది అక్కడ ప్రాసిక్యూషన్ చేతిలో ఉంటుంది. సాక్షిని ప్రభావితం చేయబోయారని తేలితే అది ఇంకో నేరం, ఉన్న బెయిల్ కూడా పోవచ్చు.