బాక్సులు కడతానన్న మేనల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అన్నయ్యా, వీడు చావిడి నిండా చెక్కలు పోగేశాడు, స్పీకర్ బాక్సులు తనే కడతాడంట, నువ్వైనా చెప్పు" అని ఒకటే గోల. చెప్తాలే అన్నాను గానీ ఫోన్ పెట్టేశాక నవ్వొచ్చింది, నిద్ర మాత్రం పట్టలేదు. ఆ మైక్ సెట్ పిచ్చి నాతోనే పోయిందనుకున్నా, నీకెక్కడ అంటుకుందిరా అది.

సరే, చిన్నవి ముందు కానిచ్చేస్తా. స్పీకర్‌తో వచ్చే కాయితం పారెయ్యకు. బాక్సు ఎన్ని లీటర్లుండాలో అందులో అంకెల్ని బట్టే తేలుతుంది. ఆస్ట్రేలియాలో థీల్ అనే ఆయన 1961లో ఆ లెక్క రాస్తే 70ల్లో స్మాల్ అనే ఆయన దాన్ని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. మాకవేం తెలీవు, పక్కూరోడి డబ్బా కొలుచుకొచ్చి కట్టేసేవాళ్ళం. లోపల కొట్టే బద్దలు కూడా చోటు తింటాయి, ఆ లీటర్లు కలుపుకో. జాయింట్లన్నీ ఫెవికాల్‌తో నింపు, ఎక్కడైనా గాలి సుయ్‌మందంటే బేస్ అటే పోద్ది. కోత కోసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో, ఆ పొడి మంచిది కాదు.

ఎమ్‌డీఎఫ్, అదే చెక్క పీచు జిగురుతో అదిమి చేసే పలక, అది మాత్రం వద్దు. నెట్‌లో అందరూ అదే వాడుతున్నారంటావు, నాకు తెలుసు. నున్నగా ఉంటది, బరువుగా ఉంటది, సౌండ్ కూడా బానే ఉంటది, కాదనను. కానీ మనం ఉండేది ఎక్కడ? గోడకి ఆనించిన మంచం కోళ్ళు కూడా వానాకాలం బూజు పడతాయి. 96 నవంబర్ తుఫాన్‌కి, నువ్వింకా పుట్టలేదు, షెడ్డు రేకులు లేచిపోయి మా పొట్టు చెక్క డబ్బాలు, అదీ ఎమ్‌డీఎఫ్ జాతిదేలే, నాలుగు రాత్రంతా తడిశాయి. పొద్దున్న చూస్తే నీళ్ళలో నానేసిన రొట్టెల్లా ఉబ్బిపోయి స్క్రూలు వాటంతటవే ఊడొచ్చేస్తన్నాయి. ప్లై డబ్బాలు రెండు తుడిచి ఎండబెడితే మళ్ళీ పాడాయి. అందుకే చెప్తున్నా, తడికి తట్టుకునే రకమని వేసే 710 ముద్ర ఉన్న ప్లై కొను, 18 ఎంఎం. డబ్బులు చాలకపోతే నన్నడుగు, మీ నాన్నని అడక్కు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు పాతికేళ్ళప్పుడు మొదటిసారి సొంతంగా రెండు బాక్సులు కట్టా. 4 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు, 12 ఎంఎం ప్లై. 18 కొనే స్తోమత లేదు, పైగా పంటు మీద గోదారి దాటించాలి, బరువైతే మోసేవాళ్ళు తిడతారు. 12కీ 18కీ ఏముందిలే, అరంగుళం కూడా తేడా లేదు కదా అనుకున్నా. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుందని అప్పుడు నాకు చెప్పినోడు లేడు. పల్చన కదా అని ప్రతి పలకకీ సరిగ్గా సగం ఎత్తులో అడ్డంగా ఒక బద్ద కొట్టా, టేపు పెట్టి, ఒక్క నూలు తేడా రాకుండా. అబ్బో, ఆ పనితనం చూసి నేనే మురిసిపోయా.

శివరాత్రికి గోదారి లంకలో పద్యనాటకానికి మైక్ సెట్ ఒప్పుకున్నా. మాటలన్నీ బానే వినపడ్డాయి. రాజు వేషం ఆయన పద్యం ఎత్తుకుని రాగం తీస్తూ కిందికొచ్చి ఒక స్వరం మీద నిలబడ్డాడు, అంతే, నా డబ్బా భొం... అని అందుకుంది. ఆయన ఆపాడు, అది ఆపలేదు. మళ్ళీ ఆ స్వరం, మళ్ళీ భొం. బేస్ తగ్గించా, వాల్యూం తగ్గించా, వెనక నుంచి వినపళ్ళేదని కేకలు. తెర పడ్డాక ఆయన కిరీటంతోనే వచ్చి "రాజు వేషం నాదొక్కడిదే అనుకున్నానండి, తమరి డబ్బా కూడా పాడేస్తందండి ఆయ్" అన్నాడు. తిడితే బాగుండేది. ఆ రాత్రి కిరాయి అడగలేదు నేను.

తెల్లారి రేవులో పంటు కోసం కూర్చుంటే, అక్కడ పడవలు బాగుచేసే ముసలి వడ్రంగి ఒకాయన వచ్చి కొబ్బరికాయ ముదిరిందో లేదో చూసినట్టు వేలి కణుపుతో నా డబ్బాని బద్దకి పైన ఒకసారి, కింద ఒకసారి తట్టి "రెండూ ఒకటే మాట అంటన్నాయిరా, సగానికి కొట్టావా?" అన్నాడు. లోపల చూడకుండానే! సగానికి కొడితే రెండు ముక్కలూ ఒకే స్వరానికి మోగుతాయి, ఒకదానికొకటి తోడు. ఇంకోటి, అడ్డంగా కొట్టడం. పడవకైతే అడ్డపట్టీలు కావాలి గానీ దీనికి నిలువుగా కొట్టమన్నాడు. ఎందుకో నాకు తర్వాతెప్పుడో గానీ తెలీలేదు. 4 బై 2 పలకకి నడుమ అడ్డంగా బద్ద పెడితే ఆ పలక మోగే స్వరం ఒకటిన్నర రెట్లకి కాస్త పైన లేస్తుందంతే, అదే బద్ద నిలువుగా పెడితే మూడు రెట్లు దాటుతుంది. స్వరం అంత పైకి పోతే బేస్ స్పీకర్ దాన్ని ఎక్కువ కదపలేదు, మిగిలింది లోపల దూదే మింగేస్తుంది. కాబట్టి నిలువుగా కొట్టు, నడుమ నుంచి రెండు మూడు వేళ్ళు పక్కకి జరిపి. ఎదురెదురు పలకల్ని కలుపుతూ కిటికీలా కోసిన ప్లై ముక్క ఒకటి పెడితే ఇంకా మంచిది.

బీబీసీ వాళ్ళు పల్చటి ప్లైకి లోపల తారు పలకల్లాంటివి అంటించి మోత చంపేవాళ్ళు. అదీ ఒక దారే, కానీ అది చూసి పల్చటి చెక్క కొనేసి ఊరుకోకు, వాళ్ళకి కొలిచే మిషన్లున్నాయి.

బద్దలతో పోనిది ఇంకోటుంది, లోపలి గాలి మోత. ఎదురెదురు గోడల మధ్య 2 అడుగులుంటే 280 హెర్ట్జ్ దగ్గర గాలి ఊగుతుంది, అందుకే మూడు కొలతలూ సమానంగా పెట్టకు. దిండ్లలో కూరే ఫైబర్ పెట్టు. నేను మన దగ్గర ఊరికే వస్తుంది కదా అని కొబ్బరి పీచు కూరా, ఎలుక పిల్లల్ని పెట్టింది. మీ అమ్మనడుగు, డబ్బా విప్పినప్పుడు అదే పక్కనుంది, దాని అరుపు రెండు వీధులకి వినపడింది, ఏ స్పీకరూ అక్కర్లేకుండా.

తిడుతున్నానని ఫీలవకు. నువ్వు పంపిన ఫొటో మీ అత్తకి మూడుసార్లు చూపించా. వెనక పలక మాత్రం బిగించెయ్యకు, స్పీకర్ పెట్టకముందే ఫోన్ చెయ్. గోదారి దాటే చించినాడ బ్రిడ్జి మీదుగా బస్సులో వచ్చేస్తా, ఒక్కసారి తట్టి చూసి పోతా.

మీ మావయ్య