గృహనిర్మాణ రంగంలోకి వెళ్తానంటున్న అమ్మాయికి పీజీ ఏం చేయించాలి?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. సెలవుల్లో ఒక నైట్ షెల్టర్‌లో వాలంటీర్‌గా చేసి వచ్చింది. అప్పటి నుంచి, ఇల్లు లేనివాళ్లకు ప్రభుత్వం కట్టించే ఇళ్ల పనిలోనే చేరతానంటోంది. మంచి ఆలోచనే, కాదనను. కానీ దాంట్లో కెరీర్ అంటూ ఉంటుందా, లేక సేవతోనే సరిపెట్టుకోవాలా? పీజీ ఏం చేయించాలి? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: కెరీర్ ఉంటుంది. కాకపోతే మీ అమ్మాయి ఊహించుకుంటున్న ఉద్యోగం, ఆ రంగంలో నిజంగా మనుషులు కావలసిన ఉద్యోగం ఒకటే కాకపోవచ్చు. సివిల్ విద్యార్థులకు ఇళ్ల పథకం అనగానే పునాది, పిల్లర్లు, స్లాబు గుర్తొస్తాయి. ఆ పని చేసిపెట్టేవాళ్లు టెండర్ పిలిస్తే వస్తారు. పథకాలు తడబడేది కట్టడానికి ముందూ, కట్టిన తర్వాతా. స్థలం ఎక్కడ దొరికింది, ఎవరి పేరు అర్హుల జాబితాలోకి ఎక్కింది, తాళాలు చేతికిచ్చాక ఆ బిల్డింగ్‌ను ఎవరు చూసుకుంటున్నారు అన్నచోట తెలిసినవాళ్లు తక్కువ.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో అనే ప్రభుత్వ కాలనీ ఉండేది. 33 బిల్డింగ్‌లు, ఒక్కోటి 11 అంతస్తులు. 1954లో జనం దిగడం మొదలైంది. 1972కల్లా వాటిని పేల్చి కూల్చడం మొదలుపెట్టారు. చాలామంది ఆర్కిటెక్ట్‌ను తిట్టారు. డిజైన్‌లో లోపాలు లేకపోలేదు, లిఫ్టు ప్రతి అంతస్తులోనూ ఆగేది కూడా కాదు. కానీ అసలు దెబ్బ లెక్కల్లో తగిలింది. కట్టడానికి కేంద్రం డబ్బిచ్చింది, నిర్వహణ ఖర్చు మాత్రం అద్దెల్లోంచే రావాలన్నారు. నగరం నుంచి జనం, ఉద్యోగాలు తరలిపోవడంతో ఇళ్లు ఖాళీ అయ్యాయి. వచ్చే అద్దె తగ్గింది. చెడిపోయిన లిఫ్టు చెడిపోయినట్టే ఉండిపోతే, మిగిలినవాళ్లలో వెళ్లగలిగినవాళ్లూ వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల మెయింటెనెన్స్ లెక్క మొదట్లోనే గట్టిగా వేసి, ఇది నడవదని చెప్పగలిగిన అధికారి అక్కడ ఎంతో అవసరం. మీ అమ్మాయి అలాంటి అధికారి కావచ్చు. ఆ చదువు పేరు హౌసింగ్ ఫైనాన్స్.

దీనికి ఎదురు ఉదాహరణ సింగపూర్. అక్కడ హౌసింగ్ బోర్డు 1960లో మొదలైంది. మరుసటి ఏడాదే బుకిట్ హో స్వీ అగ్నిప్రమాదంలో దాదాపు 16 వేల మంది ఇళ్లు పోగొట్టుకున్నారు. మొదటి ఐదేళ్లలో బోర్డు 50 వేలకు పైగా ఫ్లాట్లు కట్టింది. ఆ వేగం గురించి అందరూ చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతి సంగతి. 1966లో భూసేకరణ చట్టం తెచ్చారు. 1968లో ఉద్యోగులు తమ ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో ప్రభుత్వ ఫ్లాటు కొనుక్కునే వీలు కల్పించారు. భూమి చేతిలో ఉంది, కొనేవాడికి డబ్బు దారి చూపించారు, ఇక కట్టడం దాని వెనకాలే నడిచింది. ఇప్పుడు అక్కడ నివాసుల్లో ముప్పావు వంతుకు పైగా ఉండేది ఆ బోర్డు ఇళ్లలోనే. సింగపూర్ చిన్న దేశం కాబట్టి సాధ్యమైందనేవాళ్లున్నారు. కొంత నిజమే, కానీ భూమి, డబ్బు సమస్యలు ఎక్కడైనా అవే.

ఇంకో దారి మనుషులతో చేసే పని. షెల్టర్ చూసి వచ్చిన అమ్మాయి కాబట్టి ఫిన్‌లాండ్ గురించి తప్పకుండా చదవాలి. చాలాచోట్ల పద్ధతి ఏమిటంటే, నిరాశ్రయుడు ముందు తాగుడు మానాలి, మందులు వాడాలి, షెల్టర్‌లో మంచి పేరు తెచ్చుకోవాలి, ఆ తర్వాతే ఇల్లు. న్యూయార్క్‌లో సామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు 1992లో ఈ వరసను తిరగేశారు: ముందు ఇల్లు, మిగతావన్నీ ఆ ఇంట్లో ఉండగానే. ఫిన్‌లాండ్ 2008 నుంచి దీన్ని జాతీయ విధానంగా నడిపింది. వరసగా మంచాలు వేసిన షెల్టర్లను విడి ఫ్లాట్లుగా మార్చింది. అద్దె ఒప్పందం ఆ మనిషి పేరు మీదే ఉంటుంది. దీర్ఘకాలంగా ఇల్లు లేకుండా ఉన్నవారి సంఖ్య బాగా తగ్గింది. ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన నిరాశ్రయుల మొత్తం సంఖ్య మాత్రం 2024లో మళ్లీ పెరిగింది, అంటే ఈ పనికి ముగింపు తేదీ ఉండదు. ఇల్లిచ్చాక వారం వారం వెళ్లి పలకరించే, అద్దె కట్టలేకపోతే ముందే పసిగట్టే సిబ్బంది అందులో సగం బలం. ఆ ఉద్యోగాలకు సోషల్ వర్క్ పీజీ కావాలి, సివిల్ డిగ్రీ పెద్దగా అక్కరకు రాదు.

అద్దె ఇళ్ల నిర్వహణ ఒక వృత్తిగా ఎలా మొదలైందో కూడా చెబుతాను, ఎందుకంటే ఆ దారి వేసింది ఒక మహిళ. లండన్‌లో ఆక్టేవియా హిల్ 1865లో పాడుబడ్డ పేదల ఇళ్లు కొన్నింటి బాధ్యత తీసుకున్నారు. వారం వారం స్వయంగా అద్దె వసూలు చేసేవారు, ఆ డబ్బుతోనే రిపేర్లు చేయించేవారు. తర్వాత అదే పనిలో ఎందరో మహిళలకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో కట్టడి ఎక్కువని విమర్శ ఉంది, అది సరైనదే. అయినా హౌసింగ్ మేనేజ్‌మెంట్ అనే వృత్తికి మూలం అక్కడే.

ఇంక మీ అమ్మాయి సంగతి. షెల్టర్ నుంచి వచ్చాక తను ఇంట్లో ఎక్కువగా ఏం మాట్లాడిందో గుర్తు చేసుకోండి. అక్కడి మనుషుల గురించే చెప్పిందా? అయితే సోషల్ వర్క్. బాత్రూములు చాలవు, గాలి రాదు అందా? అర్బన్ ప్లానింగ్ గానీ హౌసింగ్‌లో పీజీ గానీ. చిరునామా లేని మనిషిని పట్టుకుని చిరునామా రుజువు అడుగుతున్నారని కోపం తెచ్చుకుందా? అప్పుడు పబ్లిక్ పాలసీ, లేదా లా. లా అంటే ఆశ్చర్యపోకండి. బ్రిటన్‌లో 1977 చట్టం వచ్చాకే కొన్ని వర్గాల నిరాశ్రయులకు నివాసం చూపించడం స్థానిక సంస్థల బాధ్యత అయింది. దక్షిణాఫ్రికాలో 2000లో గ్రూట్‌బూమ్ కేసులో రాజ్యాంగ కోర్టు, తక్షణం నిలువ నీడ లేనివాళ్లను వదిలేసే ఇళ్ల పథకం రాజ్యాంగానికి సరిపోదని తీర్పిచ్చింది. ఇలాంటి తీర్పుల వెనక ఫైళ్లు తయారుచేసేవాళ్లకూ ఉద్యోగాలుంటాయి.

నన్ను ఒకటి ఎంచమంటే, సివిల్ పునాది ఉంది కాబట్టి అర్బన్ ప్లానింగ్ చేసి, అందులో భూమి, ఫైనాన్స్ సబ్జెక్టులు ఎక్కువగా తీసుకోమంటాను. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ పీజీ మాత్రం ఈ లక్ష్యానికి వద్దు. ఇళ్లు ఊరికి దూరంగా వేసేస్తే ఏమవుతుందో మెక్సికో చూసింది. 2000 తర్వాత నగర శివార్లలో కట్టిన ఇళ్లలో లక్షలాది ఇళ్లు ఖాళీగా పడి ఉన్నాయి. అక్కడికి బస్సు లేదు, పని లేదు. చిలీలోని ఇకీకే నగరంలో అలెహాంద్రో అరవేనా అనే ఆర్కిటెక్ట్ బృందం ఇంకోలా చేసింది. ఉన్న డబ్బుతో దూరంగా పూర్తి ఇల్లు కట్టే బదులు, ఆ కుటుంబాలుంటున్న స్థలంలోనే సగం ఇల్లు కట్టి, మిగతా సగం వాళ్లే కట్టుకునేలా ఖాళీ వదిలింది. 2004లో ఆ కాలనీ పూర్తయింది. ఇలాంటి నిర్ణయం తీసుకునేది ప్లానరే.

జీతం విషయంలో దాచడానికేం లేదు. మొదట్లో సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులతో పోలిస్తే తక్కువే ఉంటుంది. పర్మినెంట్ ప్రభుత్వ పోస్టులు కొన్నే, పని చాలావరకు కన్సల్టెన్సీలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రాజెక్టు కాంట్రాక్టుల మీద నడుస్తుంది. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, బడ్జెట్ కూడా మారవచ్చు. జాబితాలో ఫలానా పేరు చేర్చమని ఒత్తిళ్లూ వస్తాయి. అందుకే ప్లానింగ్, ఫైనాన్స్ లాంటి, వేరే చోటా చెల్లుబాటయ్యే నైపుణ్యం చేతిలో ఉండాలంటాను.

పీజీకి ఇంకా ఏడాది పైన టైముంది. ఫైనలియర్ ప్రాజెక్టుకు కొత్త రకం కాంక్రీటు తీసుకోనివ్వకండి. పదేళ్ల కిందట ప్రభుత్వం కట్టించిన ఒక కాలనీకి వెళ్లి, ఎన్ని ఇళ్లలో అసలు లబ్ధిదారులే ఉంటున్నారు, వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారు, నీళ్ల మోటారు చెడితే ఎవరు డబ్బేస్తున్నారు అని ఇంటింటికీ తిరిగి రాయమనండి. పీజీ ఇంటర్వ్యూలో చూపించడానికి అది బాగా పనికొస్తుంది. ఆ తిరుగుడు తనకు విసుగనిపిస్తే మాత్రం, పీజీ ఫీజు కట్టకముందే మళ్లీ కూర్చుని మాట్లాడుకోండి.